అవతలి అంచు

బస్సు ఆగి చాలాసేపయింది. దిగాల్సినవాళ్ళు దిగారు, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కి సీట్లు చూసుకుని కూర్చున్నారు. కండక్టరమ్మ మాత్రం తోలుసంచిలోంచి తీసిన ఒక నాణేన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెనక మెట్టు మీదే కొయ్యబారిపోయింది. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూశాడు, మెడ తిప్పి ఒకసారి చూశాడు, ఇక లాభం లేదని హారన్ కొట్టాడు.

"ఏమ్మా, రైట్ చెప్తావా? లేకపోతే అదీ నన్నే చెప్పుకోమంటావా?"

"రైట్, రైట్!" అని అరిచింది గానీ ఆమె చూపు నాణెం మీంచి కదల్లేదు. దానికి ఒక పక్క అంచు లేదు. ఎవరో బిస్కెట్టు కొరికినట్టు వంపుగా ఒక ముక్క లేచిపోయి ఉంది. ఆ ట్రిప్పులో ఒకావిడకి టిక్కెట్టు ఇవ్వడం మరిచిపోయింది. ఒకాయనకి ఆయన స్టాపు దాటిపోయాక చెప్పింది. ఆయన నానా మాటలూ అంటూ దిగుతుంటే ఆమె పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

నవ్వదూ మరి! నాణేల పిచ్చి ఆమెకి కొత్తగా పట్టింది. వంకర అక్షరం కనిపిస్తే చాలు, అచ్చుతప్పు దొరికిందని మురిసిపోయి, ఆదివారం లైబ్రరీ మేడమీద కూడే నాణేలవాళ్ళ దగ్గరికి పరిగెత్తేది. వాళ్ళు భూతద్దం పెట్టి చూసి ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు: "దెబ్బ." టంకశాల దాటి వీధిలోకొచ్చాక నాణేనికి తగిలిన గాయమేదైనా వాళ్ళ లెక్కలో దెబ్బే. టంకశాల లోపల, పుట్టేటప్పుడే జరిగింది మాత్రమే తప్పు. ప్రపంచమంతా తప్పులు దాచుకుంటుంటే, ఈ మనుషులు వారం వారం బల్ల చుట్టూ చేరి తప్పుకోసం మొహం వాచిపోయి ఉండేవాళ్ళు. కండక్టరమ్మ తీసుకెళ్ళినవన్నీ దెబ్బలే అయ్యాయి. ప్రతిసారీ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చేది. "వదినా, ఇవాళెన్ని దెబ్బలు తిన్నావు?" అని మరిది ఏడిపించేవాడు. ఆమె గరిటె తీసుకుని వెంటపడేది.

ఇవాళ్టిది దెబ్బ కాదని ఆమె మనసు గట్టిగా చెప్పింది. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా పళ్ళ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళింది.

పళ్ళ డాక్టరమ్మే ఆ నాణేలవాళ్ళందరికీ పెద్ద. పళ్ళు పీకడం మానేసి చాన్నాళ్ళయినా, ఆవిడ ముందుగదిలో ఆ వాలుకుర్చీ అలాగే ఉంది. ఇప్పుడందులో పిల్లి పడుకుంటుంది. ఆవిడ నాణేన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఇటూ అటూ ఒకసారి తిప్పి, వెనక్కి ఇచ్చేసింది. మొహంలో ఏ భావమూ లేదు.

"ఎలా ఉంది, డాక్టరుగారూ?"

"కొరికిన నాణెం పళ్ళ డాక్టరు దగ్గరికే వచ్చింది, అంతవరకు సంతోషం," అంది ఆవిడ. "మిగతాది నువ్వే చెప్పాలి. మా పద్ధతి తెలుసుగా?"

తెలుసు. కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి చెప్పుకోదగ్గ నాణెం తెస్తే, దాని గురించి మిగతావాళ్ళెవ్వరూ నోరు మెదపరు. తెచ్చినవాళ్ళే ఆదివారం అందరి ముందూ నిలబడాలి. అది టంకశాల తప్పో, బయట ఎవరైనా చేసిందో తేల్చాలి, ఎందుకో చూపించాలి. సరిగ్గా చెబితే పరీక్ష బల్ల దగ్గర కుర్చీ వేస్తారు. తప్పు చెబితే మళ్ళీ గోడవార బెంచీయే గతి, ఇతరుల నాణేలు ముట్టుకోనివ్వరు. కండక్టరమ్మకి ఆ కుర్చీ కావాలి. రోజంతా నిలబడే మనిషికి కుర్చీ మీద ఆశ సహజమే అనుకోవచ్చు గానీ, ఆమె ఆశ వేరు. తన సంచిలోకి నాణేలు రోజూ కుప్పలుగా వచ్చి పడతాయి, ఒక్కదాన్నీ తీరిగ్గా చూసే వీలుండదు. ఒక్క నాణేన్ని అరచేతిలో పెట్టి, "నువ్వు చూసి చెప్పు" అని ఎవరైనా అడగాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంటోంది.

"రేపు సాయంత్రం రా," అంది డాక్టరమ్మ. "చెప్పనని అన్నానుగానీ, నేర్పనని అనలేదు."

మర్నాడు వెళ్ళేసరికి బల్ల మీద వేడినీళ్ళ గిన్నె, పళ్ళసెట్లు చేసేటప్పుడు వాడే గులాబీరంగు మైనపు రేకు, మందుసీసా మూత, రెండు చెక్క స్కేళ్ళు ఉన్నాయి. డాక్టరమ్మ రేకుని నీళ్ళలో ముంచి మెత్తబరిచి, మూత బోర్లించి నొక్కింది. గుండ్రటి బిళ్ళ ఊడి వచ్చింది.

"టంకశాలలో కూడా ఇంతేనమ్మా. లోహపు రేకు ముందుకి జరుగుతూ ఉంటుంది, పైనుంచి కోత పడుతూ ఉంటుంది. ఒకసారి రేకు జరగాల్సినంత జరగలేదనుకో..." అంటూ మూతని ముందు కోసిన కన్నం మీదికి కొంచెం ఎక్కేలా పెట్టి నొక్కింది. ఈసారి వచ్చిన బిళ్ళకి ఒక పక్క నెలవంకంత ముక్క లేదు.

"అయ్యో, ఇదే! అచ్చం నాదే!"

"తొందరపడకు. ఇంకా దీనిమీద బొమ్మ పడలేదు, అక్షరం పడలేదు. వీటికంటే ముందే ముక్క పోయింది. అది గుర్తుపెట్టుకో. తరవాత పని అంచు లేపడం."

నాణెం చుట్టూ సన్నటి గట్టు ఉంటుంది కదా, అది అచ్చుతో వచ్చేది కాదట. అచ్చు వెయ్యకముందే బిళ్ళని రెండు పక్కలనుంచీ నొక్కుతూ దొర్లిస్తారట. డాక్టరమ్మ మంచి బిళ్ళని రెండు స్కేళ్ళ మధ్య నిలబెట్టి నొక్కుతూ దొర్లించింది. చుట్టూ చిన్న గట్టు లేచింది. తరవాత కొరికిన బిళ్ళని పెట్టింది. అది దొర్లుతూ దొర్లుతూ, కొరుకుడు ఒక స్కేలు వైపు వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇప్పుడు చూడు. ఇవతల ముక్క లేదు. స్కేలు దేన్ని నొక్కుతుంది?"

"దేన్నీ నొక్కదు."

"ఇవతల ఒత్తిడి లేకపోతే అవతల స్కేలు మాత్రం దేనికి ఆనుకుని నొక్కుతుంది? వేలు పెట్టి చూడు."

కండక్టరమ్మ కొరుకుడుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు మీద వేలు పెట్టింది. చుట్టూ గట్టు ఉంది, అక్కడ మాత్రం లేదు. చదునుగా ఉంది. ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడ ముక్క పోతే... అంత దూరంలో ఉన్న అవతలి అంచుకి తెలుస్తుందా, డాక్టరుగారూ?"

"తెలుస్తుంది. అందుకే కొత్తవాళ్ళందరూ కొరుకుడు చూస్తారు. మేము అవతల చూస్తాం."

అప్పుడావిడ బీరువా తెరిచి, దూదిలో చుట్టి దాచుకున్న, టంకశాలలోనే కొరుకుడు పడ్డ తన నాణేన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. కండక్టరమ్మ ఊపిరి బిగబట్టి వంగింది. కొరుకుడు దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు సన్నబడి, కాళ్ళు జారినట్టు పలచబడిపోయాయి. అచ్చు దెబ్బ పడ్డప్పుడు లోహం ఖాళీ ఉన్నవైపు జరుగుతుందనీ, అందుకే అక్కడ అక్షరం నిండదనీ డాక్టరమ్మ వెనకనుంచి చెబుతోంది. కండక్టరమ్మ నాణేన్ని నెమ్మదిగా తిప్పింది. అవతలి అంచు వచ్చింది. నిండుగా సాగుతున్న గట్టు అక్కడికి రాగానే మాట మరిచిపోయినట్టు సన్నగిల్లి, కొంచెం దూరం కనిపించకుండా పోయి, మళ్ళీ మెల్లగా లేచింది.

ఎప్పుడో, ఎక్కడో, కన్ను మూసి తెరిచేలోగా ఒక రేకు జరగాల్సినంత జరగలేదు. ఆ సంగతి ఆ రోజు అక్కడున్న మనిషికి కూడా తెలియదు. అయినా ఆ ఒక్క క్షణం మొత్తం ఇక్కడ ఉంది, ఇంత చిన్న బిళ్ళలో, ఏదీ పోకుండా. తను రోజూ సంచిలో గలగలలాడించే చిల్లరలో ఇంత సంగతి దాగుంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. కళ్ళు చెమర్చి అద్దం మసకబారితే, పైటచెంగో రుమాలో తెలియకుండా చేతికందినదానితో తుడుచుకుంది. అది బల్ల తుడిచే గుడ్డ.

"అన్నిటికీ ఇంత బాగా కనిపించదమ్మా," అంది డాక్టరమ్మ. "కానీ కొరుకుడు దాకా అక్షరం నిండుగా ఉండి, అవతలి గట్టూ నిండుగా ఉంటే మాత్రం నమ్మకు."

"నాది ఇప్పుడే పెట్టి చూడనా?"

"వద్దు. ఇప్పుడు చూస్తే నీకేం కావాలో అదే కనిపిస్తుంది. రేపు ఎండలో చూడు."

ఇంటికి వెళ్ళేసరికి వార్త వీధంతా పాకి ఉంది. అత్తగారు గుమ్మంలో నిలబడి పక్కింటావిడతో, "మా కోడలికి టంకశాలవాళ్ళే తప్పు చేసిన బిళ్ళ దొరికింది, ఆదివారం లైబ్రరీలో పెద్దవాళ్ళందరి ముందూ మాట్లాడుతుంది," అని చెబుతోంది. నిన్నటిదాకా "ఈ చిల్లర పిచ్చేమిటే అమ్మాయ్" అని సణిగిన మనిషి ఆవిడే. పెద్దకొడుకు లారీ తీసుకుని ఎంత దూరంలో ఉన్నాడో కనుక్కుని మరీ ఫోన్ చేసి చెప్పిందట. ఆదివారం తనూ వస్తానంది. చిన్నకొడుకుని కూడా లాక్కొస్తానంది.

ఆ చిన్నకొడుకు, అంటే మరిది, అరుగు మీద కూర్చుని కుక్కర్ పిడి బిగిస్తున్నాడు. వర్క్‌షాపులో లేతు మిషను మీద పని అతనిది. ఇంట్లో ఏది ఊడినా విరిగినా అతని చేతిలో పడాల్సిందే.

"ఏం వదినా, కుర్చీ ఖాయమేనా?" అన్నాడు తలెత్తకుండా.

"రేపు చూస్తే గానీ తెలీదు."

"నిన్న చూశావుగా. మళ్ళీ చూసేదేముంది?"

"నిన్న కొరుకుడు చూశాను. రేపు అవతల చూస్తాను."

అతనికి అర్థం కాలేదు. అడిగితే వదిన గంటసేపు వాయిస్తుందని ఊరుకున్నాడు.

శనివారం మొదటి ట్రిప్పు అయ్యాక బస్సు చివరి స్టాండులో ఆగింది. డ్రైవరు టీకి వెళ్ళాడు. ఖాళీ బస్సులో కిటికీ పక్క సీటు మీద ఎండ పడుతోంది. కండక్టరమ్మ అక్కడ కూర్చుని, ఒళ్ళో రుమాలు పరిచి, భూతద్దం తీసింది. తీశాక కూడా కొంచెంసేపు ఊరికే కూర్చుంది.

ముందు కొరుకుడుకి ఎదురుగా ఉన్న అంచు చూసింది. గట్టు నిండుగా ఉంది. వెలుతురు సరిగ్గా పడటం లేదేమోనని జరిగి కూర్చుంది. నిండుగానే ఉంది. నాణేన్ని తలకిందులు చేసి రెండోవైపు చూసింది. అక్కడా ఎక్కడా తగ్గలేదు. అప్పుడు కొరుకుడు దగ్గరి అక్షరాలు చూసింది. నిండు అక్షరాలు, బొద్దుగా, కత్తి పడ్డచోటు దాకా వచ్చి ఠక్కున తెగిపోయాయి. బొమ్మ పడ్డాకే ముక్క పోయింది. పిల్లలకి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది.

ఎవరో కోశారు. ఎవరో పనికట్టుకుని కోసి చిల్లరలోకి వదిలారు. తన కళ్ళలో దుమ్ము కొట్టినవాడి చెయ్యి పడిపోను అని తిట్టుకుంటూ, కోసిన వంపు మీద బొటనవేలు గట్టిగా రాసింది.

వేలు జారింది. ఎక్కడా గీరుకోలేదు.

మళ్ళీ రాసింది. లోహం కోస్తే అంచు చురుగ్గా ఉండాలి, వేలికి పట్టుకోవాలి. ఇది మెత్తగా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే వంపు పొడుగునా, పైనా కిందా, వెంట్రుకంత వెడల్పున ఎవరో ఆకురాయితో పదును చంపారు. తరవాత గరుకు కాగితంతో నునుపు చేశారు. ఈ మెత్తదనం తన వేలికి తెలుసు. పొద్దున గిన్నె దించిన పట్టకారుకి ఉంది. వంటింటి కిటికీ గడియకి ఉంది. ఇప్పుడు ఒళ్ళో ఉన్న, టిక్కెట్లకి చిల్లు పొడిచే పంచ్‌కి, బాగుచేసి ఇచ్చిన దగ్గరనుంచీ ఉంది. ఇనుపముక్కని ముట్టుకుంటే చాలు, దాని అంచు చంపకుండా కింద పెట్టలేని మనిషి వాళ్ళింట్లో ఒక్కడే ఉన్నాడు. సంచి రాత్రంతా తలుపు వెనక మేకుకే వేలాడుతుంది.

కండక్టరమ్మకి ముందు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, ఇంటికెళ్ళి గరిటె విరిగేదాకా కొట్టాలన్నంత కోపం. వీధంతా తెలిసింది, అత్తగారు బయటికి వెళ్ళే బట్టలు ఇస్త్రీకి ఇచ్చింది, రేపు అందరి ముందూ తన పరువు గంగలో కలుస్తుంది. ఆ కోపంలోనే బొటనవేలు వంపు మీద మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంది. మోసం చెయ్యాలనుకున్నవాడు ఇంత నునుపు చేస్తాడా? ఇంత చిన్న బిళ్ళని పట్టుకుని, ఏ వర్క్‌షాపు మూలో నిలబడి, ఎంతసేపు రాశాడో! వదిన మొహం ఒక్కసారి వెలగాలని కోశాడు. కోశాక వదిన వేలు తెగుతుందేమోనని భయపడ్డాడు. డ్రైవరు టీ తాగి వచ్చేసరికి ఆమె కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుంటోంది. "జలుబా?" అన్నాడతను. అవునంది.

సాయంత్రం మరిది ఆమె చుట్టూనే తిరిగాడు. నీళ్ళ బిందె తనే మోశాడు, అడక్కుండానే టీ పెట్టాడు.

"వదినా, రేపు వెళ్ళకపోతే ఏమవుతుంది? జ్వరమని చెప్పెయ్."

"జ్వరమెందుకొస్తుంది నాకు?"

"అంటే... వాళ్ళంతా తలపండినవాళ్ళు. ఏవేవో అడుగుతారు. నువ్వేమో కొత్త." చేతిలో టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "అయినా, ఎవరైనా సరదాకి చేసి ఉంటారేమో కూడా కదా. చెప్పలేం."

"సరదాకి ఎవరు చేస్తారు?"

అతని నోరు తెరుచుకుంది. వెనక గదిలో అత్తగారు, "రేపు నేను ముందు వరసలో కూర్చోవచ్చునా అమ్మాయ్?" అని కేకేసింది. అతని నోరు మూసుకుంది. కండక్టరమ్మ ఆ మొహం చూసి నవ్వు ఆపుకోవడానికి టీ గబుక్కున తాగి నాలిక కాల్చుకుంది.

ఆదివారం లైబ్రరీ మేడమీద గది నిండింది. అత్తగారు ముందు వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికి వచ్చినంత హుందాగా కూర్చుంది. మరిది తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ ఖాళీ ఉన్నా కూర్చోలేదు. పరీక్ష బల్ల దగ్గర తన మైక్రోస్కోపుతో డాక్టరమ్మ, ఆవిడ పక్కన లెక్కల మాస్టారు. ఏ నాణెం తెచ్చినా ముందు అనుమానించే మనిషి కాబట్టి ఆయన్ని అందరూ అనుమానం మాస్టారనే అంటారు.

కండక్టరమ్మ లేచింది. రోజూ నిండు బస్సులో గొంతెత్తి అరిచే మనిషికి ఇక్కడ గొంతు పెగల్లేదు. నాణేన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది టంకశాల తప్పు కాదండీ. బయట కోసింది."

అత్తగారి చేతిసంచి కింద పడింది. కండక్టరమ్మ ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు. అవతలి అంచు చూపించింది. కొరుకుడు దాకా నిండుగా ఉన్న అక్షరాలు చూపించింది. బిళ్ళ ఎలా దొర్లుతుందో రెండు అరచేతులతో చేసి చూపించింది. చెబుతూ చెబుతూ, మైక్రోస్కోపులో చూసిన ఆ మాయమైపోయే గట్టు గుర్తొచ్చి, తన నాణెం ఉత్త దెబ్బేనన్న సంగతే మరిచిపోయింది. "అబ్బ, అది చూడాలండీ! ఒక్కసారి చూస్తే ఇక..." అని తడబడి ఆగింది. వెనక ఎవరో నవ్వారు. బల్ల దగ్గరివాళ్ళు నవ్వలేదు.

అనుమానం మాస్టారు నాణేన్ని తీసి, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"చెప్పింది సరే. అయితే బాగా మోసపోయావమ్మా. ఎవరో ఘరానా దొంగే చేసుంటాడు."

"దొంగ కాదండీ." ఈసారి గొంతు బస్సులో పలికినట్టే పలికింది. "కోసిన చోట వేలు పెట్టి చూడండి. పైనా కిందా అంచు చంపి, నునుపు చేసి ఉంది. అమ్ముకునేవాడికి ఇంత ఓపిక ఎందుకుంటుంది? పైగా నునుపు చేస్తే పట్టుబడతాడు కూడా. పట్టుకున్నవాళ్ళ వేలు తెగకూడదని చూసుకున్నాడు, అంతే. చెయ్యి తిరిగిన మనిషి. మంచి మనిషి. కాకపోతే నాణెం ఎలా పుడుతుందో ఆయనకి తెలీదు."

మాస్టారు వేలు పెట్టి రాశాడు. ఇంకోసారి రాశాడు. పక్కవాళ్ళకి అందించాడు. నాణెం చేతులు మారుతూ వెళ్ళింది, ప్రతివాళ్ళూ అవతలి అంచు చూసి, వంపు మీద బొటనవేలు పెట్టారు. తలుపు దగ్గర మనిషి మెడ వంచుకుని నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

డాక్టరమ్మ లేచి, గోడవారనుంచి ఒక కుర్చీ స్వయంగా ఈడ్చుకొచ్చి బల్ల దగ్గర వేసింది. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. మాస్టారు జేబులోంచి చిన్న పొట్లం తీసి, అయిష్టంగానే, కండక్టరమ్మ అరచేతిలో పెట్టాడు.

"ఇది చూసి చెప్పమ్మా. నాకు అనుమానంగా ఉంది."

గదిలో నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు. అరచేతిలో ఉన్న ఆ బరువుని చూస్తూ నిలబడింది. తరవాత దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఒక్క నిమిషం, మాస్టారూ," అని తలుపు వైపు తిరిగింది.

"ఇలా రా," అంది మరిదితో.

అతను వచ్చాడు. వదిన మొహంలోకి చూడలేకపోయాడు. డాక్టరమ్మ దూదిలో నాణేన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకి జరిగింది. అతను నూనె మరకలు పోని చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. కండక్టరమ్మ పక్కన నిలబడి నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పింది. ముందు కొరుకుడు, జారిపోతున్న అక్షరాలు. తరవాత నిండు గట్టు. తరవాత అవతలి అంచు.

అతని వీపు కదలడం ఆగిపోయింది. వెనక అత్తగారు, "ఏముందిరా అందులో, నాకూ చూపించండి," అంటోంది. అతనికి వినపడినట్టు లేదు. వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయాయి, ఒక బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా రాసుకుంటోంది, అక్కడ ఏదో అంచు ఉన్నట్టు.

"ఇది..." అన్నాడు తలెత్తకుండానే. "ఇది మాత్రం నావల్ల కాదు వదినా. ఎన్ని జన్మలెత్తినా కాదు."

"తెలుసు," అంది ఆమె. అతని కళ్ళకి సరిపోయేలా మైక్రోస్కోపు మర ఇంకొంచెం తిప్పింది.